సమురాయి భార్యకు తెలుగు చెప్పినావిడ

ఆవిడ పోయిన సంగతి నాకు తెనాలి స్టేషన్లో, రేపల్లె బండి కోసం నిలబడి ఉన్నప్పుడు తెలిసింది. చెప్పింది ఒకప్పుడు బాపట్లలో మా దగ్గర చదువుకున్న అమ్మాయే. ఇప్పుడు చంకలో పిల్లాడితో ఉంది.

"టీచర్ గారూ, మన ఇంగ్లీష్ టీచర్ గారు పోయారండి. వాళ్ళాయన గారు పోయాక ఎంతోకాలం లేరు. మొన్న రేపల్లెలో జ్ఞాపకార్థ కూటం పెడితే వెళ్ళానండి. పాస్టరు గారు ఎంత బాగా చెప్పారనుకున్నారు! భర్త మాటకి జీవితంలో ఒక్కసారి కూడా ఎదురు చెప్పని స్త్రీ అన్నారండి."

నాకు ఒళ్ళు మండింది. ఆ పాస్టరు గారిని నేనెరగను, మంచిమాటే అనుకుని అని ఉంటాడు. పైగా అది అబద్ధమూ కాదు. ఆవిడ ఇంట్లో ఎదురు చెప్పిన మనిషి కాదు. చెప్పాల్సిన ఎదురంతా తెనాలిలో, కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన హాల్లో, మైకు ముందు కూర్చుని, జపాను ఆడవాళ్ళ పేరు మీద చెప్పింది. బండెక్కి కూర్చున్నా నాకు కుదురు లేదు. ఇక ఆవిడ గురించి మిగిలేది కూటంలో చెప్పిన ఆ ఒక్క మాటేనా అని బెంగ పట్టుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల్లో మేమిద్దరం బాపట్లలో ఒకే ఆడపిల్లల హైస్కూల్లో పనిచేశాం. ఆవిడ ఇంగ్లీషు, నేను తెలుగు. నాకన్నా బాగా పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. నన్ను "ఏమ్మా పండితురాలా" అనేది. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన చీరాల నేతచీరలో ఉండేది. భయం మాత్రం మనిషికి రెండింతలు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వచ్చాక "నేను తాళం లాగి చూశానా?" అని నన్నడిగేది. చూశావక్కా అంటే, "నేను చూడ్డం నువ్వు చూశావా?" అని మళ్ళీ వెనక్కి పోయేది. నేనేమన్నా తక్కువ తిన్నానా? బండికి గంట ముందే వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబడే రకం నేను. ఇలాంటి ఇద్దరం కలిసి నెలకో ఆదివారం తెనాలి వెళ్ళి, జపాను సినిమాలు చూసి, అదే సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరేవాళ్ళమంటే ఇప్పటికీ నాకు నమ్మకం కుదరదు.

తెనాలిలో అప్పుడొక ఫిలిం సొసైటీ ఉండేది. దానికి అధ్యక్షుడు ఒక డాక్టరు గారు. పెద్ద నగరాల వాళ్ళు చూసే సినిమాలు మనమెందుకు చూడకూడదని ఆయన పంతం. ఒక స్కూలు హాలు, పదే పదే ఆగిపోయే చిన్న ప్రొజెక్టరు, మద్రాసు నుంచి రైల్లో వచ్చే రీళ్ళ డబ్బాలు, ఇదీ సరంజామా. సభ్యుల్లో లెక్చరర్లు, ప్లీడర్లు పోను మిగిలినవాళ్ళు బట్టల కొట్లవాళ్ళు, స్టేజీ నాటకాల వాళ్ళు. డాక్టరు గారికి సమురాయిలనే పాతకాలం జపాను యోధుల కత్తియుద్ధాల సినిమాలంటే ప్రాణం కాబట్టి అవే ఎక్కువ వచ్చేవి. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. ఆ జపాను ఇళ్ళలో తలుపులు తెల్ల కాగితానివి, అక్షరాలూ తెల్లవే. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే ఆనేవి కావు. వెనక బెంచీల నుంచి "ఏమన్నాడు? ఏమన్నాడంట?" అని ఒకటే గోల.

ఆ డాక్టరు గారు ఒకసారి బాపట్లలో ఏదో క్రైస్తవ సభకు వచ్చి, ఒక విదేశీ అమ్మగారు ఇంగ్లీషులో ప్రసంగిస్తుంటే పక్కన నిలబడి వాక్యం వాక్యానికీ తెలుగు చెబుతున్న మనిషిని చూశారు. అదే మా అక్క. వాళ్ళది లూథరన్ కుటుంబం. పెళ్ళికి ముందు నుంచే ఆవిడ అలా సభల్లో తెలుగు చెప్పేది. అమ్మగారి వాక్యం సగంలో ఉండగానే అందుకునేది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటే ఈవిడ గొంతూ తడిసేది.

మర్నాడే డాక్టరు గారు స్కూలుకు వచ్చి అడిగారు. "నాకు భయమండి" అంది అక్క.

"అంత పెద్ద సభలో నిలబడి చెప్పారు కదమ్మా!"

"అక్కడ తప్పు చెబితే దేవుడు క్షమిస్తాడండి. తెనాలి వాళ్ళు క్షమించరండి."

వెళ్ళడం మాత్రం వెళ్ళింది, నన్ను తోడు తీసుకుని.

మొదటిరోజు తెర పక్కన ఇనప కుర్చీ వేశారు. నోట్లో ఒక లవంగం పెట్టుకుని, చేతిరుమాలు వేళ్ళకు చుట్టుకుని కూర్చుంది. సినిమాలో ఒక యోధుడు యుద్ధం నుంచి ఇంటికొచ్చాడు. భార్య మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు చాపకు ఆనించి, ఏదో అంది. కింద "మై లార్డ్" అని పడింది. అక్క తడుముకోలేదు. సభల్లో నలిగిన నాలుక కదా, మైకులో "ప్రభువా!" అంది.

వెనక నుంచి ఒక నాటకాల ఆయన మంచి రంగస్థలం గొంతుతో "ఆమెన్" అన్నాడు. ఇక నవ్వులే నవ్వులు. తర్వాత మగాళ్ళంతా కూర్చుని తాగే సీను వచ్చింది. మైకులో సారా అనే మాట అనడానికి ఆవిడకు మనసొప్పలేదు. కషాయం అంది. కత్తివీరులు చెంబుల కొద్దీ కషాయం తాగి తూలుతుంటే జనం పొట్టలు పట్టుకున్నారు. తిరుగు బండి నిడుబ్రోలు దాటాక అక్క అడిగింది.

"ఏమ్మా పండితురాలా, మరి ఆవిడ మొగుణ్ణి ఏమని పిలవాలంటావు?"

"ప్రబంధంలో అయితే నాథా. స్టేజీ మీద స్వామీ. మా ఇంట్లో ఏవండీ."

"మా ఇంట్లోనూ అదే" అంది. "అదే ఖాయం చేద్దాం."

మరుసటి నెల నుంచి సమురాయిల భార్యలందరూ "ఏవండీ" అన్నారు. మొగుడు భార్యను నువ్వు అనేవాడు, భార్య మొగుణ్ణి మీరు అనేది. ఇంగ్లీషులో అక్కడ ఉన్నది ఒక్కటే "యూ". ఆ ఒక్క మాటా తెలుగులోకి వచ్చేసరికి రెండుగా చీలి, ఒకటి పై మెట్టు మీదా ఒకటి కింది మెట్టు మీదా నిలబడేది. హాల్లో ఎవరికీ అందులో వింత కనిపించలేదు. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని, నాకూ కనిపించలేదు.

నాలుగైదు సినిమాలయ్యాక ఆవిడ చూసే చూపు మారింది. మగవాళ్ళు కత్తులు ఎప్పుడు దూస్తారా అని ముందుకు వంగేవారు, ఈవిడ గది మూలకు చూసేది. ఎప్పుడూ ఆ మూలే, గడప దగ్గరే, తల వంచుకుని భార్య కూర్చుని ఉండేది. "ఆ జరుపు తలుపు తీసేది ఆవిడే, వేసేది ఆవిడే, కానీ ఒక్కసారీ ఆ తలుపు దాటి బయటికి రాదు చూశావా?" అనేది బండిలో. భార్య మాట్లాడే మాటలకన్నా పూటకూళ్ళ ఇంట్లో మందు పోసే ఆడవాళ్ళు మాట్లాడే మాటలే ఎక్కువని ఆవిడ కనిపెట్టింది. పెళ్ళికాని దానికి నోరుంది, పెళ్ళయిన దానికి మర్యాద ఉంది అనేది. పెళ్ళయిన ఆడవాళ్ళు పళ్ళు నల్లగా చేసుకుని, కనుబొమలు తీసేసుకుని కనిపిస్తే హాల్లో "కిళ్ళీ ఎక్కువైందేమో" అని వేళాకోళం చేసేవారు. అక్క నవ్వలేదు. "పెళ్ళవగానే మొహం చెరిపేశారమ్మా" అంది.

ఇంకోసారి, ఒక పెద్ద పోరాటం అయ్యాక ప్రొజెక్టరు ఆగి లైట్లు వేశారు. డాక్టరు గారు లేచి యోధుడి పరువు గురించి, ప్రాణం కన్నా మాట గొప్పదనే ధర్మం గురించి చక్కగా చెబుతున్నారు. అక్క నా చెవిలో, "అంత నెత్తురు చిందింది కదా, ఆ బట్టలు ఎవరు ఉతికారో చూపించలేదు" అంది. నాకు నవ్వాగక దగ్గినట్టు నటించాను. పరువు ఆయనది, చావు ఆవిడది అని కూడా అంది ఆ రోజే. ఎందుకంటే ఆ సినిమాలో మొగుడి పరువు కోసం భార్య నడుంపట్టీలోంచి చిన్న బాకు తీసి పొడుచుకుంది. సినిమా మొత్తంలో ఆవిడ మొహాన్ని తెర నిండా చూపించింది అప్పుడొక్కసారే.

అన్ని సినిమాలూ ఒకటే అని ఆవిడ అనలేదు. కొన్ని చూసి, "ఈ తీసినాయన ఎవరోగానీ ఆడదాని పక్కన కూర్చుని తీశాడమ్మా" అని మురిసేది. అలాంటివి వచ్చినప్పుడు గొంతు వేరేగా ఉండేది, లవంగం నమలడం మరిచిపోయేది.

ఆ మాటల మధ్యలోనే ఒకరోజు నన్నడిగింది, "నువ్వు మీ ఆయన్ని ఏమంటావు, నిజం చెప్పు" అని.

"గదిలో నువ్వు. హాల్లోకి వస్తే మీరు."

"ఎప్పుడూ తడబడలేదా?"

"ఓసారి తడబడ్డానక్కా. నలుగురూ భోజనాల దగ్గరుంటే 'నువ్వు పెరుగు వేసుకో' అనేశాను. మా అత్తగారు గరిటె కింద పెట్టేసింది."

ఆవిడ నవ్వి నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మాకు గదిలో కూడా మీరే" అంది. నవ్వు మొహంలో ఉండగానే కిటికీ వైపు తిరిగింది.

వాళ్ళాయన చెడ్డమనిషి కాదు, ఈ మాట గట్టిగానే చెప్పాలి. ఏదో ఆఫీసులో గుమస్తా. మెత్తటి మనిషి. ఆదివారం సాయంత్రం మా బండి వచ్చే వేళకు బాపట్ల స్టేషన్ బయట సైకిలు పట్టుకుని, వాన వచ్చేలా ఉంటే గొడుగు పట్టుకుని నిలబడేవారు. ఆవిణ్ణి "ఇదిగో" అని పిలిచేవారు. సైకిలు నడిపించుకుంటూ ఆయన ముందు, ఆవిడ వెనక. నలుగురూ ఏమనుకుంటారో అన్నది ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. చూడండి, రాస్తూ రాస్తూ నేనూ ఆయనకు "అన్నారు", ఆవిడకు "అంది" అనే రాసుకుపోతున్నాను. దిద్దుదామని చూశాను గానీ, ఆవిడకు "అన్నారు" పెడితే అక్క నాకు దూరమైపోతోంది. ఈ భాషతో వచ్చిన చిక్కే ఇది.

ఆ తర్వాత వచ్చిన సినిమాతో గొడవ మొదలైంది. కథ చిన్నదే. ఒక కిందిస్థాయి సమురాయి. ప్రభువు కోటలో విందుకు వెళ్ళిన అతని భార్య ఏదో చూసి నవ్విందట. ప్రభువుకు కోపం వచ్చింది, దాన్ని పుట్టింటికి పంపెయ్యమన్నాడు. మొగుడికి భార్య అంటే ఇష్టమే. అయినా తెల్లవారేసరికి పల్లకీ పిలిపించాడు. అప్పటిదాకా ఆ భార్య సినిమాలో మాట్లాడిందే తక్కువ. పల్లకీ ఎక్కే ముందు వెనక్కి తిరిగి, నేల మీద కూర్చోకుండా నిలబడే, అతని మొహంలోకి చూసి ఏదో అంది. కింద ఇంగ్లీషు పడింది. ఈసారి అక్క వెంటనే అందుకోలేదు. ఒక్క ఊపిరి ఆగింది. తర్వాత మైకులో చాలా మామూలు గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టు అంది.

"తెచ్చుకున్నప్పుడూ అడగలేదు, పంపేటప్పుడూ అడగలేదు. నన్ను ఒక్కసారన్నా అడిగావా నువ్వు?"

ఆ "ఆమెన్" అన్న నాటకాల ఆయనే వెనక నుంచి "అద్దీ!" అన్నాడు, ఈసారి వేళాకోళం లేకుండా. నాకు ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. వెనువెంటనే భయమూ వేసింది.

సినిమా అయ్యాక డాక్టరు గారు వచ్చారు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. "అమ్మా, జపాను స్త్రీ భర్తను నువ్వు అంటుందా? వాళ్ళ మర్యాదలు వేరు కదా. మనం పాడు చెయ్యకూడదు."

"ఇంగ్లీషులో యూ అనే ఉందండి. యూ అంటే రెండూ అవుతుంది కదండీ."

"రెండిట్లో మర్యాదైనది ఎంచుకోవాలి మరి."

"ఇన్నాళ్ళూ అదే ఎంచుకున్నానండి" అంది అక్క. చేతిరుమాలు వేళ్ళకు బిగుసుకుపోయి ఉంది. "కానీ ఆవిడ ఆ మాట అనేటప్పుడు మొహం చూశారాండి మీరు? ఆ మొహంలో మీరు లేదండి."

పక్కనున్న ప్లీడరు గారు అందుకుని, "ఎంతైనా భర్త కదండీ, ఏకవచనం ఏంటండి?" అన్నారు.

"మేం దేవుణ్ణి నీవు అనే ప్రార్థిస్తామండి. నీ నామము, నీ రాజ్యము అంటాం. దేవుడికి లేని బాధ ఆయనకెందుకండి?"

అంతా నా వైపు తిరిగారు, తెలుగు టీచర్ని కదా తీర్పు చెప్పమని. రెండూ తెలుగే, ఆవిడ చెప్పింది బాగుంది అన్నాను. వెంటనే సంచి అందుకున్నాను, బండి టైము దాటిపోతోందని ఒక పక్క, ఈ మాట బాపట్ల చేరకుండా ఉండదని ఒక పక్క.

చేరింది. మాకన్నా ముందే చేరిందేమో కూడా. వాళ్ళాయన ఆఫీసులో ఒకడు "ఏం సార్, ఇంట్లో తమరికి ఏకవచనమేనట!" అన్నాడట. ఇంకొకడు టీ తెప్పించి, "సార్ని అడిగావా నువ్వు, పంచదార కావాలా అని?" అని కుర్రాడికి చెప్పాడట. వారం తిరక్కుండానే అది ఆఫీసంతటికీ ఊతపదం అయిపోయింది. ఆయన టీకి బయటికి వెళ్ళడం మానేశారు.

స్టాఫ్ రూములో ఇద్దరమే ఉన్నప్పుడు అక్క చెప్పింది. "అన్నం సరిగా తినట్లేదమ్మా. కోప్పడితే బాగుండును. రాత్రి మెల్లిగా అడిగారు, 'అది నన్నే అన్నావు కదూ? నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదా?' అని."

"నువ్వేమన్నావక్కా?"

"సినిమాలో ఉన్నదే చెప్పానండి అన్నాను."

"అంతే కదా మరి?"

ఆవిడ బల్ల మీద సుద్దముక్క దొర్లించింది. "అంతేనో కాదో నాకు తెలియట్లేదమ్మా. నోట్లోంచి వచ్చేటప్పుడు ఎవరి మాటో అనిపించలేదు. అదే నాకు భయంగా ఉంది."

ఇక వెళ్ళొద్దని ఆయన అనలేదు. అలా అనే మనిషి కాదు. వచ్చే ఆదివారం నేనూ వస్తాను, ఎలా చెబుతావో వింటాను అన్నారు. వద్దన్నా ఇంత భయం వేసేది కాదు. ఎప్పుడూ తెనాలి దాకా రాని మనిషి. ఆయన ఎదురుగా ఆవిడ ఏమంటుందో, దాన్నిబట్టి ఆవిడకు ఆ మైకు ఉంటుందో పోతుందో తేలేది ఆ ఆదివారమే.

బండిలో ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పరీక్షకు వెళ్తున్నవాడిలా ఉన్నారు. అప్పికట్లలో శెనక్కాయలు కొని నాకు పెట్టారు. అక్క లవంగాల పొట్లం ఇంట్లో మరిచిపోయానని నాలుగుసార్లు సంచి వెతికింది. పొట్లం సంచిలోనే ఉంది. హాల్లో ఆయన్ని డాక్టరు గారు ముందు వరసలో కూర్చోబెట్టారు. తెర పక్క కుర్చీకీ ఆయనకూ మధ్య ఎవరూ లేరు.

ఆ రోజు సినిమాలో మొగుడు యుద్ధానికి పోయి ఏళ్ళ తరబడి రాడు. భార్య ఊరి చివర పూటకూళ్ళ ఇల్లు నడుపుకుంటూ, వచ్చేపోయేవాళ్ళకు వండి పెడుతూ, గట్టిగా నవ్వుతూ బతుకుతుంది. అక్క అందరికీ మామూలుగానే తెలుగు చెప్పింది. నేను తెర చూడలేదు. ఆయన మెడ చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు బిగుస్తుందా అని. చివరికి మొగుడు వచ్చాడు. మురికిగా, కత్తి కూడా లేకుండా గుమ్మంలో నిలబడ్డాడు. భార్య చేతిలో గిన్నెతో చూసింది. కోపమా, సంతోషమా, అన్నేళ్ళ ఒంటరితనమా, ఏదని చెప్పను, అన్నీ ఉన్నాయి ఆ మొహంలో. ఒక్కమాట అంది. కింద పడ్డ ఇంగ్లీషు కూడా ఒక్కమాటే, నువ్వొచ్చావని గానీ మీరొచ్చారని గానీ అనుకోవచ్చు.

అక్క ఏమీ అనలేదు. మైకు గుయ్యిమంటోంది. తెర మీద గిన్నె కింద పెట్టింది ఆ మనిషి. వెనక బెంచీల్లో "ఏమందమ్మా? ఏమందంట?" అని మొదలైంది. అక్క తెర చూడటం మానేసి ముందు వరసకేసి చూసింది. ఆయన కూడా ఆవిణ్ణే చూస్తున్నారు. మోకాళ్ళ మీద చేతులు అలాగే ఉన్నాయి.

"రావడం అయిందా?" అంది మైకులో.

మీరూ కాదు, నువ్వూ కాదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఇరుకులో పడ్డప్పుడు పట్టుకునే మాట అది. భోజనం అయిందా, పడుకోవడం అయిందా, రావడం అయిందా. ఎవరికి అయిందో చెప్పక్కర్లేదు. హాలు తృప్తిపడింది. డాక్టరు గారు తలాడించారు. ఆయన మెడ వదులైంది. తిరుగు బండిలో ఆయన ఉత్సాహంగా ఉన్నారు. బాగా చెప్పావు, ఇంత కష్టమనుకోలేదు అని రెండుమూడుసార్లు అన్నారు. ఆయన నీళ్ళు తాగడానికి నిడుబ్రోలులో దిగినప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఎన్ని తప్పులు చెప్పానో ఇన్నాళ్ళూ, ప్రభువా అన్నాను, కషాయం అన్నాను. అవన్నీ తెలియక. ఇవాళ తెలిసీ అబద్ధం చెప్పానమ్మా. ఆవిడ అన్నేళ్ళు ఆగి ఒక్కమాట అంటే, ఆ మాటలో మనిషే లేకుండా చేశాను."

ఆ తర్వాత ఆవిడ తెనాలి రాలేదు. గొంతు బాగాలేదని కబురు పంపింది. నేనొక్కదాన్నీ రెండుసార్లు వెళ్ళాను. ఆ కుర్చీలో ఒక లెక్చరరు గారు కూర్చుని పుస్తకం చదివినట్టు చెబుతుంటే వినలేక నేనూ మానేశాను. కొన్నాళ్ళకు ఊళ్ళోకి వీడియోలు వచ్చాయి, సొసైటీ దానంతటదే ఆగిపోయింది. ఆవిడ స్కూల్లో పాఠాలు చెప్పింది, సభలకు పిలిస్తే వంక పెట్టి తప్పించుకుంది. నాకు తెనాలికి బదిలీ అయింది. రిటైరయ్యాక వాళ్ళు రేపల్లెలో ఆయన తరఫు ఇంటికి మారారని తెలిసింది. వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని విన్నాక మాత్రం ఆగలేకపోయాను. తొంభైలు చివరికి వస్తున్న రోజులవి.

మధ్యాహ్నం ఎండలో వెళ్ళాను. వరండాలో చేతుల కుర్చీలో ఆయన, పక్కన ఒక స్టూలు, దాని మీద న్యూస్ పేపరు. కుడి పక్కంతా పడిపోయింది. నన్ను గుర్తుపట్టి గొంతులోంచి ఏదో శబ్దం చేశారు. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. లోపలినుంచి అక్క వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది, చీరకు గంజి మాత్రం అలాగే ఉంది. ఆయన కుర్చీ పక్కన, ఆ రోజుల్లో సభలో నిలబడినట్టే నిలబడి, "ఇంత ఎండలో వచ్చారేంటమ్మా, మజ్జిగ తాగండి అంటున్నారు" అంది నాతో.

ఆయన ఎడంచేత్తో కుర్చీ చేతి మీద టక్కున కొట్టారు. నేను ఉలిక్కిపడ్డాను.

"తప్పు చెబితే అలా కొడతారు. అలా అని ఒప్పందం" అంది అక్క నింపాదిగా. "ఒకరి మాట మన నోట్లో పెట్టుకున్నప్పుడు కాపలా ఉండాలి కదమ్మా." ఆయన వైపు వంగింది. ఆయన మళ్ళీ ఏదో అన్నారు. "కాఫీనట. ఈవిడకి కాఫీ అంటే ఇష్టం, మరిచిపోయావా అంటున్నారు." ఈసారి చెయ్యి కదల్లేదు.

కాఫీ తెచ్చింది. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, ఆవిడ చెబుతూనే ఉంది. మా ఆయన ఉద్యోగం, పిల్లల చదువులు, బాపట్ల స్టేషన్లో కొత్తగా వేసిన రేకులు. మధ్యలో ఒకటి రెండుసార్లు టక్కుమంది, ఆవిడ దిద్దుకుంది. సినిమాల ఊసు ఎవరమూ ఎత్తలేదు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ స్తంభానికి ఆనుకుని నిలబడే ఉంది.

అప్పుడు ఆయన ఆవిడకేసి చూసి ఏదో అన్నారు. మిగతా వాటికన్నా పొడుగు మాట, ఆయాసపడుతూ అన్నారు. ఆవిడ వెంటనే అందుకోలేదు. ఒక్క ఊపిరి ఆగి, నా వైపు తిరక్కుండా, ఆయన్నే చూస్తూ చెప్పింది.

"'పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు, మీరూ కాసేపు కూర్చోండి' అంటున్నారు."

నా గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది. కూర్చోమన్నది నన్ను కాదు, నేను కూర్చునే ఉన్నాను. పెళ్ళయిన నాటి నుంచీ ఇదిగో, నువ్వు తప్ప వేరే మాట ఎరగని మనిషి నోట్లో ఆవిడ "మీరు" పెట్టింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు, వేళాకోళం లేదు.

"అంతేనాండీ?" అని అడిగింది ఆయన్ని. "తప్పయితే కొట్టండి."

ఆయన ఎడంచెయ్యి లేచింది. టక్కుమంటే ఇక ఈ వరండాలో నేను ఎలా కూర్చోవాలో, ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియలేదు. చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ఆవిణ్ణి చూశారు. ఆ చెయ్యి మెల్లిగా పక్కకు జరిగి, స్టూలు మీదున్న న్యూస్ పేపరును అందుకుని, ఒక్కో మడతే లాక్కుంటూ ఒళ్ళోకి తెచ్చుకుంది. స్టూలు ఖాళీ అయింది.

ఆవిడ కూర్చుంది.